నీటికి మెట్లు కట్టిన ఓరుగల్లు

వరంగల్ చుట్టుపక్కల నేల చూడడానికి చదునుగా ఉన్నట్టే ఉంటుంది. దాని వాలు తెలియాలంటే నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి. పాకాల చెరువు దగ్గర పుట్టిన మున్నేరు దక్షిణంగా సాగి కృష్ణలో కలుస్తుంది. రామప్ప, లక్నవరం చెరువుల నీళ్లు గోదావరి దారి పడతాయి. అంటే ఓరుగల్లు సీమ రెండు పెద్ద నదుల నడుమ మిట్ట మీద ఉంది. ఏ నదీ తనంతట తాను ఇక్కడికి ఎక్కి రాదు. ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది గానీ, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. పైన పల్చని చెల్క మట్టి, అడుగున గట్టి గ్రానైటు రాయి. పడ్డ వాన లోతుకు దిగకుండా వాలు పట్టుకొని పరుగెత్తుతుంది. మిగిలిన ఎనిమిది నెలలూ మనుషులకూ పశువులకూ పొలాలకూ ఆ నీళ్లే దిక్కు.

వాలు మీద పరుగెత్తే నీటిని నిలబెట్టడం కష్టమైన పని. నిలబెట్టిన నీరు ఊరికే ఉండదు, అడ్డుగా ఉన్నదాన్ని తోస్తుంది. ఆ తోపు లోతుతో పాటు పెరిగే తీరు గమనించదగింది. లోతు రెండింతలైతే కట్ట మీద పడే మొత్తం తోపు నాలుగింతలవుతుంది. లోతు ఆరింతలైతే 36 రెట్లవుతుంది. ఒక వాగు తన దారిలో 30 మీటర్లు దిగుతుందనుకుందాం. ఆ ఎత్తునంతా ఒకే కట్టతో ఆపితే, 5 మీటర్ల కట్ట మీద పడే తోపుకు 36 రెట్లు ఆ కట్ట ఓర్చుకోవాలి. అదే ఎత్తును ఆరు కట్టలకు పంచితే ఒక్కొక్కటీ 5 మీటర్ల లోతును మోస్తే చాలు. మట్టితో, రాయితో, మనిషి భుజబలంతో కట్టగలిగినది ఈ రెండో రకమే. కాకతీయుల కాలంలో ఈ సీమలో ఒకదాని కింద ఒకటిగా వెలసిన గొలుసుకట్టు చెరువుల వెనుక ఉన్న మూలసూత్రం ఇది. ఒక్క పెద్ద ఎత్తుతో తలపడకుండా దాన్ని మెట్లుగా కోశారు.

ఇదే ఆలోచన ప్రపంచంలో మరోచోట పడవల కోసం రూపుదిద్దుకుంది. దక్షిణ ఫ్రాన్సులో పియెర్ పాల్ రికే తవ్వించిన మిదీ కాలువ 1681లో పూర్తయింది. బెజియే పట్టణం పక్కన ఫోన్సెరాన్ అనే చోట ఆ కాలువ దాదాపు 21 మీటర్లు దిగాలి. అక్కడ రాతితో కట్టిన లాకు గదులు ఒకదానికొకటి ఆనుకొని వరుసగా ఉంటాయి. పై గదికి కింది తలుపే కింది గదికి పై తలుపు. పడవ ఒక గదిలోకి రాగానే తలుపులు మూస్తారు, గదిలో నీటిమట్టాన్ని కింది గదితో సమం చేస్తారు, తలుపు తెరిచి పడవను ముందుకు పంపుతారు. మన గోదావరి డెల్టాలోనూ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద లాకులు కట్టారు. లొల్ల లాకులు, వేమగిరి లాకులు అని ఊళ్ల పేర్లతో కలిపి జనం ఇప్పటికీ పిలుస్తారు. కాలువ మెట్లయినా చెరువు మెట్లయినా ప్రతి మెట్టుకూ మూడు అంగాలు తప్పవు. నీరు నిలిచే చోటు ఒకటి. కావలసినంతే వదిలే తలుపు ఒకటి. ఎక్కువైన నీరు ఎవరి చేతి సాయం లేకుండా పక్కనుంచి పోయే దారి ఒకటి. చెరువులో వీటినే కట్ట, తూము, మత్తడి అంటాం. వీటిని ఒక్కొక్కటిగా చూస్తే గొలుసు మొత్తం ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

ముందు కట్ట. కట్ట పనితనంలో సగం, దాన్ని ఎక్కడ వేయాలో తేల్చుకోవడంలోనే ఉంది. రెండు గుట్టలు దగ్గరపడి వాగును ఇరుకు చేసిన చోట కట్ట పొట్టిగా సరిపోతుంది, వెనుక నీరు మాత్రం విశాలంగా పరుచుకుంటుంది. తక్కువ మట్టికి ఎక్కువ నీరు. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించాడు. ఆ గుడికి దగ్గర్లోనే ఉన్న రామప్ప చెరువు ఇలా గుట్టల సందును మూసి నిలిపినదే. లక్నవరంలో కొండల మధ్య ఉన్న సందులను పొట్టి కట్టలతో మూస్తే మిగిలిన గట్టునంతా కొండలే ఇచ్చాయి. జగదాల ముమ్మడి కట్టించిన పాకాల చెరువుకూ అడవి కొండలే అండ. కట్టించినవాళ్లు ఆ చోటును ఎన్ని వానాకాలాలు చూసి ఎంచుకున్నారో ఆ గుట్టల తీరు చూస్తే ఊహించవచ్చు.

చోటు కుదిరాక పునాది. పై మెత్తని మట్టినంతా తీసేసి గట్టి నేల తగిలేదాకా కందకం తవ్వాలి. లేకపోతే నీరు కట్ట కింద నుంచే దారి వెతుక్కుంటుంది. ఆ కందకంలో జిగట మట్టిని తడిపి, తొక్కించి, పొరలుపొరలుగా నింపుతారు. కట్ట నడుమ భాగానికి నీటిని ఆపే రేగడి లాంటి బంకమట్టి కావాలి. బయటి భాగాలకు బరువుగా, జారకుండా నిలిచే మొరం కావాలి. ఒక్కటే వాడితే ఏదో ఒక లోపం ఉంటుంది. రేగడి ఎండితే బీటలిస్తుంది, మొరం నీటిని ఆపదు. లోపల ఒకటి, బయట ఒకటి ఉంటే రెండింటి గుణమూ దక్కుతుంది. ప్రతి పొరనూ పశువులతో, మనుషులతో తొక్కించి గట్టిపరిచాకే పై పొర వేయాలి. తొందరపడి పోసిన మట్టి మొదటి నిండు చెరువుకే కుంగుతుంది.

నీటి వైపు వాలుకు రాతి పరుపు ఉంటుంది. నిండిన చెరువు మీద గాలి వీస్తే అలలు లేస్తాయి, రోజుల తరబడి కట్టను ఒకే చోట కోస్తాయి. ఆ దెబ్బను రాళ్లు తీసుకుంటాయి. పెద్ద రాళ్ల మధ్య సందుల్లో చిన్న రాళ్లు బిగించి, సున్నం లేకుండానే పేరుస్తారు. సున్నం లేకపోవడంలో కూడా ఒక తెలివి ఉంది. చెరువు మట్టం తగ్గినప్పుడు కట్టలో ఇంకిన నీరు ఆ సందుల్లోంచి మెల్లగా బయటికి వచ్చేస్తుంది. రాళ్లను మూసి పూసేస్తే ఆ నీరు వెనక చిక్కుకొని పరుపునే బయటికి తోస్తుంది.

ఇక తూము. చెరువు మొత్తంలో నేర్పు ఎక్కువగా కూడిన చోటు ఇదే. మట్టికట్టకు ఎక్కడా చిల్లు ఉండకూడదు. అయినా పొలానికి నీరు పోవాలంటే చిల్లు పెట్టక తప్పదు. ఆ చిల్లుకు తలుపు ఎటు పెట్టాలన్నది మొదటి ప్రశ్న. వాడుకకు పొలం వైపు పెడితే సులువు, మనిషి పొడి నేల మీద నిలబడి తెరవవచ్చు. కానీ అలా చేస్తే కట్ట కింద నుంచి పోయే రాతి కాలువంతా ఎప్పుడూ చెరువు లోతు తోపుతో నిండి ఉంటుంది. రెండు రాళ్ల అతుకు ఎక్కడ కాస్త సడలినా నీరు అక్కణ్నుంచి కట్ట కడుపులోకి చిమ్ముతుంది, మట్టిని కొంచెం కొంచెంగా తోడుకుపోతుంది. పైకి ఏమీ కనపడకుండానే ఒక రాత్రి గండి పడుతుంది. అందుకే పాత తూములకు తలుపు నీటి వైపునే ఉంది. మూసి ఉన్నప్పుడు కట్ట లోపలి కాలువ ఖాళీగా ఉంటుంది. తెరిచినప్పుడు కూడా నీరు ఆ కాలువలో పై కప్పును తాకకుండా, వాగులో పారినట్టు పారుతుంది. కట్టకు లోపలి నుంచి ఒత్తిడి ఉండదు.

ఆ తలుపు ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. కట్ట నుంచి కాస్త దూరంలో, నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలువుగా ఉంటాయి. వేసవిలో చెరువు అడుగంటినప్పుడు వాటిని మొదలు దాకా చూడవచ్చు. స్తంభాల మధ్య కొన్ని అడ్డరాళ్లు ఒకదానిపై ఒకటి, కొంత ఎడంతో బిగించి ఉంటాయి. ప్రతి అడ్డరాయికీ నడుమ ఒక గుండ్రని రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాలన్నీ ఒకే నిలువు గీతలో ఉంటాయి. వాటి గుండా ఒక పొడవాటి కర్ర దిగుతుంది. కర్ర చివర మొన వైపు సన్నబడే కట్టె బిరడా ఉంటుంది. చెరువు అడుగున రాతి తొట్టి మీద కప్పుగా పరిచిన పలకకు రంధ్రం తొలిచి ఉంటుంది. బిరడా వచ్చి అందులో కూర్చుంటుంది. తూము మూసినట్టే. అడ్డరాళ్లు కర్రను పక్కకు ఊగనివ్వవు. అందువల్ల పైనున్న మనిషికి నీటి అడుగున ఏముందో కనపడకపోయినా, కర్రను నొక్కితే బిరడా తప్పకుండా తన రంధ్రంలోకే చేరుతుంది. కట్టె నీళ్లలో నాని ఉబ్బుతుంది గనుక రాతి అంచును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చెరువు ఎంత నిండితే పైనుంచి నీరు బిరడాను అంత బలంగా అదుముతుంది. తనను తెరవాలని చూసే నీటినే తనను మూయడానికి వాడుకునే తలుపు ఇది.

అయితే అంత అదిమే నీటికి ఎదురుగా దాన్ని ఎత్తాలి కూడా. ఇక్కడే రంధ్రం కొలత పనికి వస్తుంది. 5 మీటర్ల లోతున, 15 సెంటీమీటర్ల వెడల్పున్న రంధ్రం మీద నీటి బరువు దాదాపు 88 కిలోలు. తాడూ మోకూ వేసి, కర్ర మీటతో ఇద్దరు మనుషులు లేపగలిగిన బరువు. రంధ్రం వెడల్పు 30 సెంటీమీటర్లయితే ఆ బరువు 350 కిలోలు దాటుతుంది. వెడల్పు రెండింతలు, బరువు నాలుగింతలు. కాబట్టి ఎక్కువ నీరు కావలసిన చోట రంధ్రం పెద్దది చేసేకంటే రంధ్రాల సంఖ్య పెంచడం మేలు. చిన్న రంధ్రం చాలా తక్కువ నీరు ఇస్తుందనుకోవద్దు. 5 మీటర్ల లోతున నీరు సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగంతో దూకుతుంది. ఆ 15 సెంటీమీటర్ల రంధ్రం నుంచే సెకనుకు సుమారు 100 లీటర్లు వస్తాయి.

బిరడా మొన సన్నబడి ఉండడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దాన్ని పూర్తిగా లేపనక్కర్లేదు. బెత్తెడు లేపితే బిరడా చుట్టూ సన్నని వలయంలా సందు ఏర్పడుతుంది, ఆ సందు మేరకే నీరు పోతుంది. ఇంకొంచెం లేపితే ఇంకొంచెం. కర్రను అడ్డరాతి దగ్గర కదలకుండా నిలిపితే ఆ రోజంతా అంతే పారుతుంది. చెరువు తగ్గేకొద్దీ నీటి వేగమూ తగ్గుతుంది గానీ అదే లెక్కన తగ్గదు. లోతు నాలుగో వంతుకు పడిపోతే పారుదల సగానికి పడుతుంది. తూము పట్టే మనిషి ఈ లెక్కను అంకెల్లో చెప్పలేకపోవచ్చు. స్తంభం మీద నీటి జాడ చూసి ఈ వారం బిరడా ఎంత లేపాలో అతని చేతికి తెలుసు.

రంధ్రం కింద ఉన్న తొట్టిది మరో పని. అంత వేగంతో దూకిన నీరు నేరుగా కాలువ రాళ్లను కొడితే అతుకులు వదులైపోతాయి. ముందు అది తొట్టి అడుగున పడి, తనలో తాను సుడి తిరిగి, వేగం చచ్చాక కాలువలోకి మళ్లుతుంది. రాతి పలకలు పరిచి, గోడలు పేర్చి, పైన పలకలు కప్పిన ఆ కాలువ కట్ట కింద నుంచి సాగి, అవతల మరో తొట్టిలోకి తెరుచుకుంటుంది. పొలాల కాలువలు ఆ రెండో తొట్టి నుంచి చీలుతాయి. కట్టకు ఎక్కువ ప్రమాదం ఈ రాతి కాలువ వెలుపలి అంచున ఉంటుంది. నున్నని రాయి, మట్టి కలిసే చోట నీరు సులభంగా జారుతుంది. అందుకే కాలువ చుట్టూ మట్టిని కట్టలో మరెక్కడా లేనంత శ్రద్ధగా తడిపి, కూరి, గట్టిపరచాలి. బయటికి ఎన్నటికీ కనపడని ఆ పని ఎంత నమ్మకంగా జరిగిందో, చెరువు ఆయుష్షు అంత.

మూడో అంగం మత్తడి. ఆంధ్ర జిల్లాల్లో అలుగు అంటారు. తూము పంట కోసం, మత్తడి వరద కోసం. రెండింటి కొలతల్లో తేడా చూస్తే ఆ పనుల తేడా తెలుస్తుంది. 100 మీటర్ల పొడవున్న మత్తడి మీద అడుగు లోతు నీరు పొర్లితే సెకనుకు పాతిక ఘనపు మీటర్లకు పైగా పోతుంది. మనం చెప్పుకున్న తూము రంధ్రం ఇచ్చేదానికి ఇది 250 రెట్లు. లోతు రెండడుగులైతే పారుదల రెండింతలతో ఆగదు, దాదాపు మూడింతలకు చేరుతుంది. వరద పెరిగేకొద్దీ దారి తనంతట తానే వెడల్పయినట్టు పనిచేస్తుంది. తెరవడానికి అర్ధరాత్రి ఎవరూ రానక్కర్లేదు, విరిగే భాగమూ లేదు. మత్తడి పైఅంచు కట్ట పైఅంచు కంటే ఎంత కిందికి ఉందన్నదే చెరువుకు ప్రాణం. నీరు మట్టికట్ట మీదుగా ఒక్కసారి పొర్లితే ఆ కట్ట నిలవదు.

మత్తడిని కట్ట మధ్యలో పెట్టరు. ఒక కొసన, గుట్ట మొదలయ్యే చోట, వీలైతే సహజమైన బండ మీద పెడతారు. పొర్లే నీరు ఎన్ని ఏళ్లు కొట్టినా బండ అరగదు. దూకిన నీరు కట్ట పాదాన్ని తాకకుండా దూరంగా తిరిగి వాగులో కలుస్తుంది. కొన్ని చెరువుల్లో మత్తడి మీద వరుసగా చిన్న నిలువు రాళ్లు పాతి ఉంటాయి. వానలు వెనకబట్టాక వాటి మధ్య మట్టీ గడ్డీ కూరితే చెరువు ఇంకో జానెడు నీటిని అదనంగా పట్టుకుంటుంది. వరద ఎక్కువొస్తే ఆ కూరిన మట్టే ముందు కొట్టుకుపోతుంది, కట్ట దక్కుతుంది. పోవలసింది ఏదో ముందే నిర్ణయించి, దాన్ని చవకైన దానితో చేశారు.

ఇప్పుడు మూడు అంగాలనూ కలిపి, చెరువు పక్కన చెరువును పెట్టి చూద్దాం. పై చెరువు మత్తడి దుంకిన నీరు వాగు పట్టి కింది చెరువుకు చేరుతుంది. పై ఆయకట్టు పొలాల్లో మిగిలిన నీరు, ఇంకి ఊటగా తేలిన నీరు కూడా అక్కడికే వస్తాయి. ఒక మెట్టు వదిలినది ఏదీ వృథా కాదు, కింది మెట్టుకు అదే రాబడి. ఒకే వాన చుక్క కింది ఊళ్లో పొలానికి చేరేలోపు పై ఊళ్లో వరిని తడిపి, బావిలో ఊరి, మళ్లీ బయటపడి ఉండవచ్చు. ఒండ్రులో ఎక్కువ భాగం పై చెరువుల్లోనే దిగబడుతుంది గనుక కింది చెరువులకు తేటనీరు వస్తుంది. పూడిక తీసి పొలాలకు తోలుకుంటే అదే ఎరువు.

వరదను మందగింపజేయడంలో గొలుసు చేసే మేలు ఇంకా పెద్దది. చదరపు కిలోమీటరు విస్తీర్ణమున్న చెరువులో మట్టం మత్తడికి పైన ఒక్క అడుగు పెరిగితే, మూడు లక్షల ఘనపు మీటర్ల నీరు అక్కడ కాసేపు ఆగినట్టు. అది మెల్లగా పొర్లి కిందికి పోయేసరికి వాగులో మొదటి ఉధృతి దాటిపోతుంది. ప్రతి మెట్టూ వరద శిఖరాన్ని కొంచెం నరికి, కొంచెం ఆలస్యం చేసి పంపుతుంది. ఫోన్సెరాన్‌లో లాకు తెరిచే మనిషి కింది గది ఎంత నిండిందో చూడకుండా పై తలుపు తెరవడు. ఇక్కడ ఆ జాగ్రత్తను మత్తడి అంచుల ఎత్తుల్లోనే రాతితో రాసిపెట్టారు. అందుకే ఒక చెరువు లోపం ఆ ఒక్క చెరువుతో ఆగదు. పైన ఒక కట్ట తెగితే, అది పట్టుకున్న నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. ఆ మత్తడి అంత నీటిని ఊహించి కట్టినది కాదు, ఆ కట్టా తెగుతుంది. గొలుసు బలమంతా దాని బలహీనమైన లంకెలో ఉంది.

ఈ పనితనం ఒకరి తెలివితో పుట్టి అంతటితో ఆగిపోయింది కాదని చెప్పే సాక్ష్యం కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో ఉన్నాయి. నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, కొండలను ఆనుకొని మరీ పొడుగు కాకుండా దిట్టంగా రాతితో కట్టిన కట్ట, దగ్గర్లో పొడవైన తిన్నని రాళ్లు దొరికే గని, పని తెలిసిన మనుషులు ఆ అంగాల్లో కొన్ని. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై భూమి ఎక్కువవడం, భూమి తక్కువై నీరు ఎక్కువవడం దోషాల్లో కొన్ని. రెండేళ్లపాటు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేసినట్టు కూడా ఆ శాసనం లెక్క చెబుతుంది. అనుభవం సూత్రాలుగా మారి, కట్టేవాళ్లందరికీ తెలిసిన విద్య అయింది.

కట్టడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఒక ఎత్తు. చెరువు కట్టించినవాళ్లకూ బాగుచేసేవాళ్లకూ దశబంధ మాన్యాలు అనే భూములు ఇచ్చే పద్ధతి తెలుగు నేల మీద శతాబ్దాలు నడిచింది. ఊళ్లో నీరటికాడు ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, కాలువల వెంట తిరిగి పొలం పొలానికీ వంతు ప్రకారం నీళ్లు పారించడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద నడిచి చూడడం అతని పని. కట్ట వెలుపలి వాలు మీద తడి కనపడితే అది తేట ఊటా, మట్టితో కలిసిన బురద నీరా అని చూస్తాడు. తేట నీరు ఊరుతుంటే భయం లేదు. బురద నీరు వస్తుంటే కట్ట లోపల నుంచి మట్టి పోతోందని అర్థం, ఊరంతా పరుగెత్తుకు రావాలి. ఈ చిన్న తేడాను రాత్రి లాంతరు వెలుగులో పసిగట్టే కన్ను, చెరువుకు నాలుగో అంగం అనదగింది.

ఇప్పుడు చాలా చెరువుల తూములకు బిరడా బదులు స్క్రూ గేరు షట్టర్లు వచ్చాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం తెలంగాణలో 46,531 చెరువులను, కుంటలను లెక్కకు తెచ్చి, పూడిక తీత, కట్టల బలోపేతం, తూముల మరమ్మతు చేపట్టింది. ఇనుప షట్టరు రావడంలో తప్పేమీ లేదు, అదీ నీటి వైపున ఉన్నంతవరకు పాత సూత్రం చెక్కుచెదరదు. జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి. నిల్వ పెంచాలని మత్తడి అంచును జానెడు లేపితే, కట్ట అంచుకూ దానికీ మధ్య ఉన్న రక్షణ జానెడు తరుగుతుంది. రెండు చెరువుల నడుమ వాగు మీద ఇళ్లు లేస్తే, పై మత్తడి దుంకిన నీరు ఆ ఇళ్లలోంచే దారి చేసుకుంటుంది. ఒక చెరువును బాగుచేసేవాళ్లు ఆ కట్ట మీద నిలబడి చూస్తే సరిపోదు. పైనున్న చెరువు మత్తడి ఎంత పొడుగో కొలిచి రావాలి, కిందున్న చెరువు కట్ట ఎంత గట్టిదో తట్టి రావాలి. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఈ మెట్లు కోసినవాళ్లు కొలిచిందీ అలాగే. వాళ్ల పని మీద మనకు గౌరవం ఉంటే, కొలతను కూడా వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.